అమెరికా నుంచి తెచ్చిన కార్డ్‌లెస్ ఫోన్ ఇక్కడ వాడొచ్చా?

మీ అమ్మాయి డాలస్ నుంచి తెచ్చిన కార్డ్‌లెస్ సెట్‌ని ఇంట్లో ఫైబర్ కనెక్షన్‌కి పెట్టుకోవచ్చా, అడాప్టర్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా, అమ్మగారికి పేస్‌మేకర్ ఉంది కదా ఏమైనా ప్రమాదమా అని అడిగారు. పెట్టె మీద ‘డెక్ట్ 6.0’ (డెక్ట్ అంటే కార్డ్‌లెస్ ఫోన్ల రేడియో పద్ధతి) అని ఉందన్నారు కాబట్టి సూటిగా చెప్తున్నా: దయచేసి ఆ సెట్ ఇక్కడ ఆన్ చేయకండి. నేను చాలా ఏళ్లు ల్యాండ్‌లైన్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను. ఇదే సమస్య మా పెదనాన్నగారి ఇంట్లోనూ వచ్చింది.

6.0 అని చూసి కొత్త రకం, మెరుగైన రకం అనుకుంటారు చాలామంది. అది అమెరికా బ్యాండ్‌లో, అంటే అక్కడ కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో, పనిచేసే సెట్లకు పెట్టిన అమ్మకపు పేరు మాత్రమే. ఈ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. అక్కడ ఆ బ్యాండ్‌ని ఇలాంటి వాటికే వదిలిపెట్టారు. మన దేశంలో 1920 నుంచి 1980 వరకు మొబైల్ నెట్‌వర్క్‌ది. 2010లో 3జీ వేలంలో కంపెనీలు కొనుక్కున్నది ఈ బ్యాండ్‌లోనే, ఇప్పుడు 4జీకి కూడా వాడుతున్నారు. అందులోనూ ఇది మన చేతిలో ఉన్న మొబైల్ నుంచి టవర్‌కి సిగ్నల్ వెళ్లే వైపు. ఎక్కడో దూరంగా ఉన్న మొబైల్ పంపే బలహీనమైన సిగ్నల్‌ని టవర్ పట్టుకోవాలి. దగ్గర్లోనే మీ బేస్ యూనిట్ (కరెంటుకి, ఫోన్ లైన్‌కి పెట్టే భాగం) అదే ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేస్తుంటే ఆ మొబైల్ సిగ్నల్ టవర్‌కి సరిగా అందకపోవచ్చు. ఇంకో సంగతి, మనం మాట్లాడుతున్నప్పుడే కదా అనుకోకండి. కాల్ లేకపోయినా హ్యాండ్‌సెట్‌కి తన ఉనికి తెలియడానికి బేస్ సాధారణంగా రోజంతా సిగ్నల్ పంపుతూనే ఉంటుంది.

గుంటూరులో మా పెదనాన్నకు మోకాళ్ల నొప్పులు. మేడ మీదా కిందా తిరగలేరని అన్నయ్య న్యూజెర్సీ నుంచి మూడు హ్యాండ్‌సెట్లున్న సెట్ తెచ్చిచ్చాడు. వోల్టేజ్ మార్చే కన్వర్టర్ పెట్టి చక్కగా బిగించాడు, ఫోన్ బాగానే పనిచేసింది. కొన్నాళ్లకు వీధిలో మొబైళ్లకు కాల్స్ తెగిపోతున్నాయని ఇరుగుపొరుగు అనుకోవడం మొదలైంది. తర్వాత ఒక మొబైల్ కంపెనీ వాళ్లు చేతిలో చిన్న యాంటెన్నా, స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఉందో చూపే పరికరం) పట్టుకుని ఇల్లిల్లూ వెతుక్కుంటూ వచ్చారు. పెదనాన్న గదిలో బేస్ ప్లగ్ తీయగానే వాళ్ల స్క్రీన్ మీద ఆ సిగ్నల్ పోయింది. మళ్లీ పెట్టి చూపించారు, వచ్చింది. మర్యాదగానే మాట్లాడారు గానీ పెదనాన్న చాలా బాధపడ్డారు. వీధిలో ఎవరైనా 108కి ఫోన్ చేస్తే, అది నా వల్ల కలవకపోతే ఎలా అన్నారు. ఆయన అడిగింది నిజమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, నాకు దీన్ని గట్టిగా చెప్పాలనిపించేది ఆ కారణంతోనే.

ఇక చట్టం. సెట్ వెనక ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నంబర్ ఉందని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది అమెరికా నిబంధనలకు సరిపోతుందనడానికి గుర్తు, ఇక్కడ చెల్లదు. మన దగ్గర రేడియో పరికరాలకు కేంద్ర టెలికాం శాఖలో ఫ్రీక్వెన్సీల వ్యవహారం చూసే డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం కావాలి. ఆ పైన, 2019 అక్టోబరు నుంచి అమ్మే కార్డ్‌లెస్ ఫోన్లకు అదే శాఖ సాంకేతిక విభాగమైన టీఈసీ తప్పనిసరి పరీక్ష కూడా పెట్టారు. ఇంట్లోనే కదా, బయటకు తీసుకెళ్లడం లేదు కదా అన్న మినహాయింపు ఏదీ లేదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ, అనుమతి లేని రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే తప్పు. సెట్టింగ్స్‌లో దేశం మారిస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, అమెరికా సెట్లలో భాష మారుతుంది గానీ బ్యాండ్ మారదు. అడాప్టర్ మార్చినా అంతే. పాత 900 మెగాహెర్ట్జ్ అమెరికా సెట్లదీ ఇదే గొడవ, అవి ఇక్కడి జీఎస్ఎం మొబైల్ బ్యాండ్‌లో పడతాయి.

ఇక్కడి షోరూమ్‌లో బిల్లుతో కొనండి. పెట్టె మీద 1.88 నుంచి 1.90 గిగాహెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. పెదనాన్నకు అలాంటిదే కొన్నాం. ఫైబర్ కనెక్షన్ అయితే ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) వెనక ఫోన్ అని రాసి ఉన్న పోర్టుకి బేస్ నుంచి వచ్చే వైరు పెడితే చాలు.

అమ్మగారి విషయానికొస్తే, రేడియేషన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఈ సెట్ల ప్రసారం ముక్కలు ముక్కలుగా జరుగుతుంది: 10 మిల్లీసెకన్లలో 24 వంతులుంటే హ్యాండ్‌సెట్ ఒక వంతులోనే సిగ్నల్ పంపుతుంది. ఆ క్షణంలో 250 మిల్లీవాట్ల దాకా ఉన్నా సగటున 10 మిల్లీవాట్ల చుట్టూ ఉంటుంది. అయినా పేస్‌మేకర్ ఉన్నవాళ్లు హ్యాండ్‌సెట్‌ని ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. జాకెట్ లోపల, పైజేబులో పెట్టుకోవద్దనండి, పేస్‌మేకర్ లేని వైపు చెవికి పెట్టుకోమనండి. డాక్టరుగారు ప్రత్యేకంగా ఏదైనా చెప్పి ఉంటే అదే పాటించండి.

నన్నడిగితే రేడియేషన్ కన్నా కరెంటు, బ్యాటరీ ముఖ్యం. పాత రాగి లైన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి కాబట్టి కరెంటు పోయినా మామూలు ఫోన్ మోగేది. ఫైబర్‌లో అలా కాదు. ఓఎన్‌టీ, కార్డ్‌లెస్ బేస్ రెండిటికీ కరెంటు ఉండాలి. రెండూ ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నాయో లేదో ఈరోజే చూడండి, పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది తప్పనిసరి. అర్ధరాత్రి 112 చేయాల్సి వస్తే మొబైల్ కూడా చార్జింగ్‌తో పక్కన ఉండాలి.

హ్యాండ్‌సెట్‌లో రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్సే వేయాలి. బ్యాటరీ పాడైందని కిరాణా కొట్టులో దొరికే మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి స్టాండ్ మీద పెడితే అవి చార్జ్ అవ్వవు, వేడెక్కి కారతాయి, పగలొచ్చు కూడా. ఇలా పాడైన హ్యాండ్‌సెట్లు నేను చాలా చూశాను. గ్యాస్ లీకైన వాసన వస్తే ఆ గదిలో ఏ ఫోనూ తాకకండి, బయటకు వెళ్లి చేయండి. ఫైబర్ తీగలో పిడుగు పోటు రాదు, నిజమే. కానీ అడాప్టర్ ద్వారా కరెంటు లైన్ నుంచి వస్తుంది. అందుకే మబ్బు పట్టగానే ప్లగ్ తీయండి, ఉరుములు మొదలయ్యాక దాని దగ్గరికి వెళ్లకండి.

మిగిలింది ఆ అమెరికా సెట్. దాన్ని ఇక్కడ ఎవరికీ అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి, వీధి మారుతుందే తప్ప సమస్య పోదు. అమ్మాయి తిరిగి వెళ్లేటప్పుడు తనతోనే పంపించేయండి, అక్కడ నిక్షేపంలా వాడుకోవచ్చు. అది కుదరకపోతే సెల్స్ తీసేసి, సెట్‌ని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.