రేక్‌బ్యాక్ లెక్క ముందు చూసుకో, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అన్న మాట మీదే ఈ ఉత్తరం. టెలిగ్రామ్‌లో పరిచయమైన ఎవరో పోకర్ క్లబ్బులో చేరమన్నాడనీ, రేక్‌లో, అంటే ఆట నడిపేవాడు పందెం డబ్బులోంచి తీసుకునే వాటాలో, సగం వెనక్కిస్తానన్నాడనీ, గెలిచినా ఓడినా ఆ సగం మనకేననీ చెప్పావు. మీ అమ్మ పక్కనే ఉందని అప్పుడు ఎక్కువ మాట్లాడలేదు. గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని ఆదాయపు పన్ను రిటర్నులు వేసే నా దగ్గరికి ఈ ఆటల స్టేట్‌మెంట్లు పట్టుకుని కుర్రాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్లు గెలుపూ ఓటములూ చూపిస్తారు. నేను ముందు రేక్ ఎంత కట్టారో చూస్తాను.

పోకర్‌లో నువ్వు కంపెనీతో ఆడవు, తోటివాళ్లతో ఆడతావు. మన మిర్చి యార్డులో రైతుకి రేటు గిట్టినా గిట్టకపోయినా, మిర్చి బస్తా అమ్ముడైతే చాలు, కమీషన్ కొట్టుకి రావలసింది వచ్చేస్తుంది. కంపెనీది కూడా ఆ కొట్టు పనే. ప్రతి పాట్‌లోంచీ, అంటే ఒక ఆటలో అందరూ పెట్టిన పందెం కుప్పలోంచీ, ఇంత శాతమని తీసుకుంటుంది. అదే రేక్. అందులో కొంత ఆటగాడికి తిరిగిస్తే రేక్‌బ్యాక్. అంటే తిరిగొచ్చేది నీ దగ్గర తీసుకున్న డబ్బులోంచే.

ఒక్క హ్యాండ్, అంటే ఒకసారి ముక్కలు పంచి ఆడిన ఆట, లెక్క వేసి చూపిస్తాను, కాగితం మీద నువ్వూ వేసుకో. టేబుల్ దగ్గర ఆరుగురున్నారు. పాట్ 400 రూపాయలైంది. రేక్ 5 శాతమనుకుందాం. కంపెనీ 20 రూపాయలు తీసుకుని గెలిచినవాడికి 380 ఇస్తుంది. ఆ పాట్‌లో నువ్వు 180 పెట్టి ఓడిపోయావు. ఇప్పుడు ఆ 20లో నీ పేరు మీద ఎంత రాస్తారు? ముక్కలు పంచిన అందరికీ సమానంగా పంచే పద్ధతైతే 3 రూపాయల 33 పైసలు. పాట్‌లో పెట్టిన డబ్బును బట్టి పంచే పద్ధతైతే 9 రూపాయలు. రేక్‌బ్యాక్ 30 శాతమైతే రెండో పద్ధతిలో నీకు వచ్చేది 2 రూపాయల 70 పైసలు. 180 పోయిన చోట 2.70 వచ్చింది. మొదటి పద్ధతిలో అయితే రూపాయే. కాబట్టి ఎవరైనా శాతం చెప్పగానే, దేని మీద శాతమో అడగాలి. మంచి ముక్కలు పడేదాకా ఓపిగ్గా వదిలేసుకుంటూ ఆడేవాడికి మొదటి పద్ధతి లాభం. చాలా పాట్‌లలో చెయ్యి పెట్టేవాడికి రెండోది.

ఇంకో తిరకాసుంది, అది చాలామంది కంటికి ఆనదు. కొన్ని చోట్ల మొత్తం రేక్ మీద శాతం ఇవ్వరు. నీకిచ్చిన బోనస్‌లూ ఉచిత టికెట్లూ అందులోంచి ముందు తీసేసి, మిగిలినదాని మీద ఇస్తారు. నెలంతా నువ్వు కట్టిన రేక్ 20,000 అనుకో. బోనస్‌ల కింద 4,000 తీసేస్తే మిగిలింది 16,000. దాని మీద 30 శాతం అంటే 4,800. నువ్వు కట్టిన 20,000తో పోలిస్తే అది 24 శాతమే. ప్రకటనలో మాత్రం 30 అనే ఉంటుంది. తిరిగిచ్చేది నగదా, టికెట్టా, పాయింట్లా అన్నది కూడా చూడాలి. ఇంత ఆడితేనే విడుదలవుతుందనే షరతున్న బోనస్‌ని నగదుతో సమానంగా లెక్క కట్టకూడదు.

రేక్‌బ్యాక్ ఉత్త మాయ అని నేను చెప్పను, అది అబద్ధమవుతుంది. తోటివాళ్ల దగ్గర నెలకి 16,000 గెలవగలిగినవాడు 20,000 రేక్ కడితే 4,000 నష్టంలో ఉంటాడు. ఆ రేక్‌లో 30 శాతం, 6,000 వెనక్కొస్తే 2,000 లాభంలోకి వస్తాడు. ఈ ఆటే జీవనంగా బతికినవాళ్లకి అది ప్రాణాధారం. కానీ ఆ లెక్కలో మొదటి అంకె చూడు. ముందు 16,000 గెలవాలి. నువ్వు చెప్పిన లెక్కలో ఆ అంకె ఎక్కడా లేదు, వెనక్కొచ్చేది మాత్రమే ఉంది. పైగా చిన్న టేబుళ్ల మీద రేక్ భారం ఎక్కువ. ఒక్కో పాట్‌లో ఇంతకి మించి తీసుకోమని కంపెనీ ఒక హద్దు పెడుతుంది. పెద్ద పాట్‌లు ఆ హద్దు దాటిపోతాయి గనక అక్కడ ఆడేవాళ్లకి శాతం తగ్గుతుంది. చిన్న పాట్‌లు హద్దు దాకా చేరవు, పూర్తి శాతం కట్టాల్సిందే. కొత్తవాళ్లు కూర్చునేది ఆ చిన్న టేబుళ్ల దగ్గరే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మెట్ల పద్ధతి. ఇంత రేక్ కడితే వెండి, ఇంతకి బంగారం, పై మెట్టుకి శాతం ఎక్కువ, నెల మారితే మళ్లీ మొదటి మెట్టు. నేను చూసిన స్టేట్‌మెంట్లలో నెలాఖరు వారం ఆట ఒక్కసారిగా పెరిగేది. రాత్రి రెండు గంటలకి, మూడు గంటలకి డిపాజిట్లు. రెండు వేలు అదనంగా వస్తాయని పదిహేను వేల రేక్ కట్టడానికి కూర్చుంటారు. నిద్ర లేని మనిషి ఆ పూట ఎలా ఆడతాడో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక పన్ను సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అంటే డబ్బు చేతికిచ్చే ముందే పట్టుకునే పన్ను, కోస్తున్నారు. బోనస్‌లుగా జమ చేసిన డబ్బు నువ్వు వేసిన డిపాజిట్ కాదు గనక, బయటికి తీసుకునేటప్పుడు అదీ గెలుపులోకే వస్తుంది. మామూలు శ్లాబులు దీనికి వర్తించవు, ఖర్చులు తగ్గించుకోవడం కుదరదు, ఓడిన డబ్బు జీతంలోంచి తీసేసి చూపడమూ కుదరదు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి డిపాజిట్ మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. అప్పట్లో 100 రూపాయలు వేస్తే అందులో 21 రూపాయల 88 పైసలు పన్నుకే పోయేవి.

ఇదంతా ఆట నడిచిన రోజుల లెక్క. ఇప్పుడు అసలు నడవకూడదు. మన రాష్ట్రం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించింది. నువ్వు బెంగళూరులో ఉండి ఆడావు గనక నీకు ఆ ఇబ్బంది తెలియలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు ఆటలు నిషేధిస్తూ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదం కూడా పడింది. పేరున్న యాప్‌లు వెంటనే డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ కేంద్ర చట్టంలో శిక్ష నడిపేవాళ్లకీ, ప్రకటనలిచ్చేవాళ్లకీ, డబ్బు లావాదేవీ జరిపించేవాళ్లకీ. ఆడినవాడికి కాదు. అది విని ధైర్యం తెచ్చుకోకు. గుంటూరొచ్చి ఆడితే రాష్ట్ర చట్టం వేరే ఉంది.

అందుకే నీ టెలిగ్రామ్ మనిషి గురించి నాకు భయం. సగం వెనక్కిస్తానంటున్నాడు. ఎవరి లెక్క ప్రకారం? రేక్ ఎంతైందో చూపించేది వాడే, డబ్బు దాచేది వాడే, ఎగ్గొడితే నువ్వు ఫిర్యాదు చేయడానికి వెనక కంపెనీ లేదు. డబ్బు పంపమని ఇచ్చే యూపీఐ ఐడీ వారానికొకటి, ఎవరెవరి పేర్ల మీదో ఉంటుంది. అలాంటి ఖాతాలోంచి నీకు గెలుపు డబ్బు పడిందనుకో, అది ఎక్కడో మోసపోయినవాడి డబ్బైతే సైబర్ క్రైమ్ ఫిర్యాదు నీ ఖాతా దాకా వస్తుంది. బ్యాంకు హోల్డ్ పెడుతుంది. జీతం పడే ఖాతా అదే అయితే అద్దె కట్టడానికి కూడా ఉండదు. పోకర్ సంగతి దేవుడెరుగు, పోలీసు స్టేషన్‌కీ బ్యాంకుకీ మధ్య తిరగడమే పనైపోతుంది.

పాత యాప్‌లో నీకు బ్యాలెన్స్ మిగిలి ఉంటే, యాప్ లోపల నుంచే, నీ పేరున్న బ్యాంకు ఖాతాకే తీసుకో. స్టేట్‌మెంటూ టీడీఎస్ సర్టిఫికెట్టూ ముందు డౌన్‌లోడ్ చేసుకో, యాప్ మూతపడితే అవి దొరకవు. టీడీఎస్ నీ 26ఏఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గరుండే నీ పన్ను పట్టికలో, పడిందో లేదో నేను చూస్తాను. మీ పాత రీఫండ్ ఇప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి, స్క్రీన్ చూపించండి అని ఎవరైనా ఫోన్ చేస్తే మాట పొడిగించకుండా పెట్టెయ్.

ఆ మనిషికి ఇంకా ఏమీ పంపకపోతే గ్రూపులోంచి బయటికొచ్చెయ్. పంపి ఉంటే దాచకు, నేను కోప్పడను. ఎంత, ఏ రోజు, ఏ ఐడీకి అన్నది స్క్రీన్‌షాట్లతో సహా ఈ రాత్రికే పంపు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిద్దాం. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ అమ్మకి ఏం చెప్పాలో తర్వాత ఆలోచిద్దాం.

మీ మామయ్య
గుంటూరు