హైదరాబాద్ డాబా మీంచి తీసిన గెలాక్సీ ఫొటోలో మసక మచ్చలే వస్తున్నాయి. టెలిస్కోపు మార్చాలా?

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో మీ డాబా మీంచి 80 మి.మీ. టెలిస్కోపు, పాత డీఎస్ఎల్ఆర్ పెట్టి లియో ట్రిప్లెట్‌ను (సింహరాశిలో పక్కపక్కన కనిపించే ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628 అనే మూడు గెలాక్సీలు) రెండు గంటలు తీశారు. ఆ ఫ్రేములన్నీ ఒకదానిమీద ఒకటి కలిపి ఒకే ఫొటోగా స్టాక్ చేస్తే రెండు గెలాక్సీలు మసక మచ్చల్లా వచ్చాయి, మూడోది ఉందా లేదా అన్నట్టుంది. మసక వెలుగు పైకి కనిపించేలా కాస్త స్ట్రెచ్ చేయగానే ఆకాశమంతా ఇటుక రంగుకు తిరిగి, ఇసక చల్లినట్టయింది. ఇప్పుడు పెద్ద టెలిస్కోపు కొనాలా, ప్రాసెసింగ్ నేర్చుకోవాలా?

టెలిస్కోపు కొనకండి. నాదీ 80 మి.మీ.దే, ఫోకల్ లెంగ్త్ 480 మి.మీ. నా కెమెరా పిక్సెల్ 4.3 మైక్రాన్లు, అంటే ఒక్కో పిక్సెల్‌కు 1.85 ఆర్క్‌సెకండ్లు (ఆకాశంలో కోణం కొలత; డిగ్రీలో 60వ వంతు ఆర్క్‌మినిట్, అందులో 60వ వంతు ఆర్క్‌సెకండు). మీ మూడో గెలాక్సీ ఎన్‌జీసీ 3628 పొడవు దాదాపు 15 ఆర్క్‌మినిట్లు కాబట్టి, ఫొటోలో అది 480 పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. దాని నడుము మీదుగా పోయే ధూళి పట్టీ విడిగా కనిపించడానికి ఆ మాత్రం చాలు. అసలు సమస్య ఆకాశం. ఆ తర్వాత, వచ్చిన కాస్త వెలుగునూ ప్రాసెసింగ్‌లో మన చేతులతో మనమే చెరిపేసుకోవడం. నేను రెండేళ్లు ఆ పనే చేశాను.

మూడోది కనిపించలేదని దిగులు పడకండి. ఎం65, ఎం66లను ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు మెస్సియే 1780లో తన జాబితాకెక్కించాడు. వాటి పక్కనే ఉన్న 3628 మాత్రం ఆయన కంటికి ఆనలేదు. దాన్ని 1784లో విలియం హెర్షెల్ పట్టుకున్నాడు. దాని మొత్తం వెలుగు మరీ తక్కువేం కాదు. కానీ చెంబుడు పాలు గంగాళం నీళ్లలో కలిపినట్టు పొడుగ్గా, పలచగా పరుచుకుని ఉంటుంది.

అయినా మీరు ఎంచుకున్నది మంచి టార్గెట్టే. పుబ్బ నక్షత్రం అంటాం చూడండి, సింహరాశిలో ఆ రెండు చుక్కల్లో దక్షిణం వైపుది థీటా లియోనిస్. ఈ మూడు గెలాక్సీలు దాని దిగువనే ఉంటాయి. మార్చి రెండో వారంలో అర్ధరాత్రికి మన నడినెత్తికి నాలుగైదు డిగ్రీల దగ్గరికి వచ్చేస్తాయి. అందరూ ఎగబడి తీసే ఎం81, ఎం82 గెలాక్సీలు హైదరాబాద్ నుంచి 38 డిగ్రీలకు మించి పైకి లేవవు. ఊరి వెలుగు, దుమ్ము అంతా వాటికి అడ్డమే.

ఇక ఆకాశం లెక్క. ఆకాశం ఎంత చీకటిగా ఉందో చదరపు ఆర్క్‌సెకండుకు ఇన్ని మాగ్నిట్యూడ్లు అని కొలుస్తారు, అంకె పెద్దదైతే చీకటి ఎక్కువ. నగరం మధ్యలో 18, మంచి పల్లెలో 21 అనుకుందాం. మూడు మాగ్నిట్యూడ్ల తేడా అంటే వెలుగులో 16 రెట్లు. మసక గెలాక్సీ విషయంలో పల్లెలో గంటకు వచ్చే నాణ్యత నగరంలో రావాలంటే సుమారు 16 గంటలు తీయాలి. పైగా నాయిస్‌తో (ఆ ఇసక లాంటి గింజలతో) పోలిస్తే సిగ్నల్ (గెలాక్సీ వెలుగు) రెట్టింపు కావాలంటే రెట్టింపు సమయం సరిపోదు, నాలుగు రెట్లు పడుతుంది. మీ రెండు గంటలు ఎటు పోయాయో అర్థమైంది కదా.

అందుకే నేను అమావాస్యకు అచ్చంపేట అవతల మా మేనమామ పొలానికి పోతాను. అమావాస్య పూట అడవి దిక్కు ఏం పని అని అమ్మ గొణుగుతుంది. మామ మాత్రం నులక మంచం తెచ్చి నా ట్రైపాడ్ పక్కనే వేసుకుంటాడు. మొదటిసారి రెండు నిమిషాల ఫ్రేమ్ ఒకటి స్క్రీన్ మీద చూసి, "గింత దూరమొచ్చి తీసింది గీ మరకేనారా?" అన్నాడు. అది సుమారు మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది మామా అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "గంత దూరానికి మరక కనవడుడే ఎక్కువ" అన్నాడు. ఆయన తీర్పుతో నాకు పేచీ లేదు.

ఇప్పుడు నా పరువు పోయిన కథ చెప్తాను, మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. 3628కు ఒక తోక ఉంది. పక్క గెలాక్సీతో జరిగిన గుంజులాటలో బయటికి ఈడ్చుకొచ్చిన నక్షత్రాలవి. తూర్పు వైపు దాదాపు 3 లక్షల కాంతి సంవత్సరాల పొడవున సాగి ఉంటుంది, చాలా మసక. ఒక మార్చిలో మొదటి రాత్రి ఫ్రేములు స్టాక్ చేసి గట్టిగా స్ట్రెచ్ చేస్తే, తూర్పున సన్నటి పొగలా తోక కనిపించింది. ఎగిరి గంతేశాను. తెలిసిన వాళ్లందరికీ పంపేశాను.

టార్గెట్ నడినెత్తి దాటాక మౌంట్, అంటే టెలిస్కోపును ఆకాశంతో పాటు తిప్పే స్టాండు, దాన్ని అటు నుంచి ఇటు తిప్పుకుంటుంది, దాన్నే మెరిడియన్ ఫ్లిప్ అంటాం. అప్పుడు ఫ్రేములో బొమ్మ తలకిందులవుతుంది. మొదటి రాత్రి ఫ్లిప్ కాకముందే మబ్బు పట్టింది. రెండో రాత్రి ఫ్లిప్ అయ్యాక గానీ మబ్బు వీడలేదు. రెండు రాత్రుల స్టాకుల్నీ ఉత్తరం పైకి వచ్చేలా పెట్టి పక్కపక్కన చూస్తే, మొదటి రాత్రి తూర్పున ఉన్న తోక రెండో రాత్రికి పడమరకు మారిపోయి ఉంది! గెలాక్సీ తోక రాత్రికి రాత్రి పక్క మార్చదు కదా. అది ఆకాశంలోది కాదు, ఫ్రేములో ఒకే చోట అంటిపెట్టుకుని ఉన్న మరక. ఆ రెండు రోజులూ బద్ధకించి ఫ్లాట్స్ తీయలేదు, అంటే ఫ్రేములో వెలుగు ఎక్కువతక్కువలు సరిదిద్దడానికి సమానమైన వెలుగు మీద తీసే ఫ్రేములు. ఫ్రేములో వెలుగు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పడిన తేడా అలాగే మిగిలిపోయి తోక వేషం కట్టింది. మఖలో పుట్టి పుబ్బలో మాడడం అంటే ఏమిటో పుబ్బ పక్కనే తెలిసొచ్చింది.

అప్పటి నుంచి ఫ్లాట్స్ మానలేదు. తెల్లవారుతుండగా, సూర్యుడు రాకముందు, మామ ఇస్త్రీ పంచె రెండు మడతలు వేసి టెలిస్కోపు మూతికి కట్టి, నడినెత్తికి తిప్పి 30 ఫ్రేములు తీస్తాను. రాత్రి ఉన్న ఫోకస్ కదపకూడదు, కెమెరా తిప్పకూడదు. హిస్టోగ్రామ్ (ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపే గ్రాఫు) గుట్ట మధ్యలోకి వచ్చేలా ఎక్స్‌పోజర్ పెట్టుకోవాలి. ముడతలున్న గుడ్డ వద్దు. డార్క్స్, అంటే వేడి వల్ల సెన్సర్‌లో పుట్టే సిగ్నల్‌ను తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు, మాత్రం అక్కడే, రాత్రి వేడిలోనే తీయండి. సెన్సర్ వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే థర్మల్ సిగ్నల్ దాదాపు రెట్టింపవుతుంది. ఇంటికొచ్చి ఏసీ గదిలో తీసిన డార్క్స్ వేసవి ఫ్రేములకు అతకవు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మౌంట్‌ను నాలుగైదు పిక్సెళ్లు జరపడం, అదే డిథరింగ్, కూడా మరవకండి.

ప్రాసెసింగ్‌కు నేను వాడేది సిరిల్ అనే సాఫ్ట్‌వేర్, ఉచితం. అందులో ఆటోస్ట్రెచ్ పెట్టి చూసేది స్క్రీన్ మీద చూపించడానికే, డేటా ఇంకా లీనియర్‌గానే, అంటే స్ట్రెచ్ కాకుండానే, ఉంటుంది. కొత్తలో చాలామంది ఇక్కడే తికమక పడతారు. డాబా మీంచి తీసేవాళ్లకు నా మొదటి సలహా: స్టాక్ చేశాక కాకుండా, ముందే ఒక్కో ఫ్రేము నుంచీ మొదటి డిగ్రీ గ్రేడియెంట్ (ఒక పక్క నుంచి ఇంకో పక్కకు సమంగా మారే ఆకాశపు వెలుగు) తీసేయండి. ఒక్క ఫ్రేములో వీధి లైట్ల వెలుగు ఒక వైపు వాలుగా, సాదాగా ఉంటుంది. రాత్రంతా అది దిశ మార్చుకుంటూ పోతుంది కాబట్టి అన్నీ కలిపాక చిక్కుముడి అయిపోతుంది. మీ ఇటుక రంగులో సగం అక్కడే పోతుందని నా అంచనా.

స్టాక్ తర్వాత మిగిలిన గ్రేడియెంట్‌కు నమూనా చుక్కలు (ఇక్కడ ఉన్నది ఖాళీ ఆకాశమే అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే గుర్తులు) మీరే పెట్టండి. ఆటోమేటిక్‌గా గళ్లు గళ్లుగా పెట్టిస్తే కొన్ని గెలాక్సీ అంచుల మీద పడతాయి. అక్కడి పలచని వెలుగును కూడా వీధి లైటే అనుకుని తీసేస్తుంది. 3628 రెండు కొసలూ విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి, చాలా ఫొటోల్లో అవి తెగిపోయేది ఇందుకే. నేను గెలాక్సీ చుట్టూ దాని పొడవంత ఖాళీ వదిలి, మూలల్లో పదీ పన్నెండు చుక్కలు పెడతాను, అంతే.

తర్వాత రంగుల క్యాలిబ్రేషన్, ఆపైన స్ట్రెచ్. ఒకేసారి లాగకుండా నాలుగైదు విడతలుగా చేయండి. అందరినీ ముంచేది బ్లాక్ పాయింట్, అంటే ఏ వెలుగు కంటే తక్కువదంతా పూర్తి నలుపైపోవాలో చెప్పే గీత. ఆకాశం కాటుకలా నల్లగా ఉండాలన్న మోజులో ఎడమ స్లయిడర్‌ను హిస్టోగ్రామ్ గుట్ట లోపలికి తోసేస్తాం. గెలాక్సీల మసక బాహువుల వెలుగు ఉండేది సరిగ్గా ఆ గుట్ట కుడి వాలు మీదే. నా పాత ఫైలు ఒకటి తెరిచి చూస్తే ఆకాశం విలువ 255లో 8 ఉంది. మళ్లీ లీనియర్ ఫైలు నుంచి మొదలుపెట్టి 28 దగ్గర ఆపాను. ఎం66 బయటి బాహువు, నేను అసలు రాలేదనుకున్నది, చక్కగా బయటపడింది. గింజలు కూడా కనిపిస్తాయి, కనిపించనివ్వండి. నాయిస్ రిడక్షన్‌తో పూర్తిగా తుడిస్తే గెలాక్సీ కాస్తా వెన్నముద్ద అవుతుంది.

ఫిల్టర్ కొనమని ఎవరో ఒకరు చెప్తారు. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్లు, అంటే రెండు సన్నటి రంగు పట్టీల వెలుగునే లోపలికి పంపేవి, వెలిగే వాయు మేఘాలైన నెబ్యులాలకు బాగుంటాయి, ఎందుకంటే వాటి వెలుగు కొన్ని నిర్దిష్ట రంగుల్లోనే వస్తుంది. గెలాక్సీది నక్షత్రాల వెలుగు, అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఆ ఫిల్టర్ పెడితే వీధి లైట్లతో పాటు గెలాక్సీలో చాలా భాగం కూడా బయటే ఆగిపోతుంది. ఆ డబ్బుతో అచ్చంపేట వైపు చాలాసార్లు తిరిగి రావచ్చు.

అనుమానంగా ఉన్న వివరం ఏదైనా కనిపిస్తే ఫ్లిప్ ముందు ఫ్రేములు, తర్వాత ఫ్రేములు వేర్వేరుగా స్టాక్ చేసి చూడండి. రెండింట్లోనూ గెలాక్సీకి ఒకే వైపు ఉంటేనే నమ్మండి. సరి, బేసి ఫ్రేములుగా విడదీస్తే నాయిస్ దొరుకుతుంది గానీ, నా తోక లాంటి దొంగలు దొరకరు, ఆ మరక రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి.

మీరు ఫ్లాట్స్ తీశారో లేదో రాయలేదు. తీసి ఉంటే స్ట్రెచ్ చేయని స్టాక్ ఫైలు పెట్టండి, ఈ ఆదివారం కూర్చుని చూస్తాను. తీయకపోతే, కెమెరా ఇంకా టెలిస్కోపు నుంచి విప్పి ఉండకపోతే, రేపు పొద్దున్నే పంచె వెతకండి.