పెట్టని గ్రామసభకు తీర్మానం ఎలా వచ్చింది?

ప్రశ్న: మాది విశాఖ మన్యంలో గిరిజన గూడెం. మా కొండ మీద పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ ప్రాజెక్టు కడతామంటున్నారు. అడవి జోలికి ఎవరినీ రానివ్వనని ఓట్లడిగిన మా నాయకుడే ఇప్పుడు దానికి మద్దతిస్తున్నారు. మేం గ్రామసభే పెట్టలేదు, అయినా ఒప్పుకున్నట్టు తీర్మానం ఉందట. ఆయన మీద కేసు వేయొచ్చా?

జవాబు: మాట తప్పారన్న కేసు నిలవదు. ఎన్నికల హామీని అమలు చేయించే పని కోర్టులు పెట్టుకోవు. మీ కోపం న్యాయమైనదే, కానీ దాన్ని ఆ తీర్మానం మీద పెట్టండి.

2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసులో నలుగురు కూర్చోవడం కాదు. మీ గూడెంలోని వయోజనులంతా సభ్యులు. కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సమాచార హక్కు కింద తీర్మానం, మినిట్స్, సంతకాల పేజీల సర్టిఫైడ్ కాపీలు అడగండి. చనిపోయినవాళ్ల వేలిముద్రలు, వలస వెళ్లినవాళ్ల సంతకాలు కనబడితే ఫోర్జరీ ఫిర్యాదు ఇవ్వండి. ఎస్టీల అటవీ హక్కులకు ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు అక్రమంగా అడ్డుపడితే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జి) కూడా వర్తిస్తుంది.

తర్వాత నిజమైన గ్రామసభ పెట్టి, మీ నిర్ణయం రాసుకోండి. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం విషయంలో నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 2013లో గ్రామసభలకే వదిలింది. 12 సభలూ వద్దన్నాయి. చట్టాన్ని ఉల్లంఘించిన అధికారి మీద చర్యకు అదే సభ తీర్మానంతో రాష్ట్ర స్థాయి పర్యవేక్షణ కమిటీకి 60 రోజుల నోటీసు ఇవ్వాలి. జరిమానా వెయ్యి రూపాయలు దాటదు. ఇంత పెద్ద తప్పుకు ఇంత చిన్న శిక్ష ఏమిటని నాకూ బాధే. అయినా నోటీసు ఇవ్వండి, రేపు ఎవరూ తెలియదని తప్పించుకోలేరు.

హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్) రాష్ట్ర ప్రభుత్వం మీద వేయాలి. నాయకుడికి దురుద్దేశం ఉందని అంటే ఆయన్ని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. గట్టి ఆధారం లేకుండా చేర్చితే మీ అసలు కేసు పలచబడుతుంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చారా అన్నదీ చూడండి, అలా ఇవ్వడం చెల్లదన్న సుప్రీంకోర్టు 1997 సమతా తీర్పు అక్కడ పనికొస్తుంది.

పర్యావరణ అనుమతి వచ్చేసి ఉంటే ఆలస్యం చేయకండి. గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో అప్పీలుకు గడువు 30 రోజులే. సరైన కారణం చూపితే మరో 60. ఫీజుల గురించి టెన్షన్ వద్దు. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి.