ప్లగ్ కొంటే యాప్ ఎందుకు?

ప్రశ్న: నాది ఏపీ 31 నంబరున్న పాత 100 సీసీ బైక్. పొద్దున పూట కిక్ కొట్టీ కొట్టీ కాలు లాగేస్తోంది. స్పార్క్ ప్లగ్ మారుద్దామని ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా మీద ‘అసలుదో కాదో చూసుకోండి’ అంటూ క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే ఏదో యాప్ ఇన్‌స్టాల్ చేసుకోమంటోంది. పైగా ఇంకో యాప్ నా బైక్‌కి వేరే ప్లగ్ నంబరు చూపిస్తోంది. ఏది నమ్మాలి?
– గాజువాక పాఠకుడు

ఆ యాప్ ఇన్‌స్టాల్ చేయకండి. ఇదే ప్రశ్న ఈమధ్య వస్తువు పేరు మార్చుకుని మరీ వస్తోంది. ఒకరికి ఇంజిన్ ఆయిల్ డబ్బా, మరొకరికి చార్జర్, మీకు ప్లగ్.

ముందు నంబరు సంగతి తేల్చేద్దాం. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నదే మీ నంబరు. పాత ప్లగ్ మీద ఉన్నదాన్ని గుడ్డిగా నమ్మొద్దు, ఇదివరకటి మెకానిక్ చేతికి అందింది బిగించి ఉండొచ్చు. యాప్‌లు ‘దీనికి బదులు ఇది’ అని చూపించే జాబితాలతో ఇంకో చిక్కుంది. కొన్ని కంపెనీల్లో ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే హీట్ రేంజ్ అంకె పెరిగితే ప్లగ్ త్వరగా చల్లబడే రకం, కొన్నింటిలో సరిగ్గా తిరగబడుతుంది. మరీ వేడి రకం వేస్తే పిస్టన్‌కి ముప్పు, మరీ చల్లని రకం వేస్తే కార్బన్ పేరుకుని మళ్లీ అదే స్టార్టింగ్ ట్రబుల్. ప్లగ్ మర (థ్రెడ్) పొడవు ఎక్కువైతే పిస్టన్ వచ్చి ప్లగ్‌నే కొడుతుంది. స్పార్క్ దూకే ఖాళీ, అంటే గ్యాప్, చిన్న బైక్‌లలో చాలావాటికి 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. కొత్త ప్లగ్ అయినా ఫీలర్ గేజ్ (ఖాళీని కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూసుకోండి, కొరియర్ వాళ్లు డబ్బాని ఎలా విసిరారో మనకి తెలీదు కదా.

ఇక అసలు భయం. నకిలీ ప్లగ్‌లు మార్కెట్లో ఉన్న మాట నిజమే, కంపెనీలు కోడ్‌లు ముద్రిస్తున్న మాటా నిజమే. కానీ కోడ్ సరిచూడటానికి బ్రౌజర్‌లో ఒక పేజీ చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? డబ్బా మీద ఇంకో స్టిక్కర్ అతికించడం ఎవరికైనా నిమిషం పని. దాని వెనక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే యాప్) ఉంటే, ఇన్‌స్టాల్ అవగానే అది అడిగేది మీ ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి. ఆ తర్వాత యాక్సెసిబిలిటీ, అంటే స్క్రీన్‌ని చూసి నడిపే అనుమతి. మొదటిది ఇస్తే మీ ఓటీపీలు వాళ్లకి వెళ్తాయి, రెండోది ఇస్తే మీ స్క్రీన్ మీద వేలు వాళ్లది. ప్లగ్ అసలుదని ఆకుపచ్చ టిక్కు చూపిస్తూనే వెనక ఖాతా ఊడ్చేయొచ్చు. ప్రభుత్వ వాహన యాప్ ఎంపరివాహన్ పేరు పెట్టుకుని వాట్సాప్‌లో తిరిగిన దొంగ చలానా ఏపీకేలు చేసింది ఈ పనే. 15 ఏళ్లు దాటి ఆర్‌సీ రెన్యువల్ టెన్షన్‌లో ఉన్న పాత బండి యజమాని అలాంటి మెసేజ్‌ని తెరవకుండా ఉంటాడా?

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే వెంటనే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేయండి. ఇంట్లో వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. యాప్ తీసేయబోతే ‘అన్‌ఇన్‌స్టాల్’ పనిచేయకపోతే, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ జాబితాలో దానికున్న టిక్కు తీయండి. నన్నడిగితే ఫోటోలు మాత్రం దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేయడమే మేలు. పాస్‌వర్డ్‌లు మార్చేది ఆ ఫోన్‌లో కాదు, వేరేదాంట్లో.

ఇందులో ఫోన్ల తప్పూ ఉంది. బయటి నుంచి యాప్ ఇన్‌స్టాల్ చేయడానికి బ్రౌజర్‌కి ఎప్పుడో ఒకసారి అనుమతిస్తే, మనం వెళ్లి ఆపేదాకా అది అలాగే ఉండిపోతుంది. ‘ఈ ఒక్కసారికే’ అనే మీట అక్కడెందుకు పెట్టరు? బండ్ల కంపెనీల యాప్‌లది ఇంకో తీరు. ప్లగ్ నంబరు చెప్పడానికి లొకేషన్ కావాలట, కాంటాక్టులు కావాలట! అన్నీ ఇచ్చి లోపలికి వెళ్తే మన పాత మోడల్ జాబితాలోనే ఉండదు. బండితో ఇచ్చిన పుస్తకంలో నాలుగు పేజీలు పీడీఎఫ్‌గా సైట్‌లో పడేస్తే పోయేదేముంది? రోడ్డు మీద ఇంకా తిరుగుతున్న బండిని కాగితం మీద చంపేయడం వీళ్లకి బాగా అలవాటైంది.

ప్రశ్న: ప్లగ్ మార్చాక హెల్మెట్ బ్లూటూత్‌లో గరగర వస్తోంది. విడిగా బిగించుకున్న డిజిటల్ మీటర్‌లో అంకెలు గెంతుతున్నాయి. హెల్మెట్ పాడైందా?
– ఎంవీపీ కాలనీ

హెల్మెట్‌ని అనుమానించే ముందు ప్లగ్ నంబరు చూడండి. చాలా కంపెనీలు రెసిస్టర్ ఉన్న ప్లగ్‌కి నంబరులో ‘ఆర్’ అక్షరం పెడతాయి. లోపల సుమారు 5 కిలో ఓమ్‌ల నిరోధం ఉండి, స్పార్క్ పుట్టించే రేడియో రొదని అణుస్తుంది. మీకు వేసింది అది లేని రకం అయి ఉంటుంది. ప్లగ్ క్యాప్ కూడా చూడండి, పగిలితే అక్కడా కరెంటు లీకవుతుంది.

ప్రశ్న: ప్లగ్ కదలడం లేదు. గట్టిగా తిప్పితే విరుగుతుందని భయం.
– భీమిలి

ఉప్పుగాలికి అంతే. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. ప్లగ్ చుట్టూ ఇసుక ఊదేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పుతూ రండి. కొత్తదాన్ని స్పానర్‌తో కాదు, వేళ్లతో మొదలుపెట్టండి. పూర్తిగా కూర్చున్నాక వాషర్ నలగడానికి స్పానర్‌తో అర చుట్టు చాలు. అల్యూమినియం హెడ్‌లో థ్రెడ్ పోతే ప్లగ్ ఖర్చు కాదు, లేత్ పని ఖర్చు.