బోనస్ చూసి చేరొద్దు, సీనియారిటీ లెక్క వేసుకో

తమ్ముడూ, అమెరికాలో నీకు రెండు రీజనల్ ఎయిర్‌లైన్స్ (పెద్ద కంపెనీల తరఫున చిన్న రూట్లలో విమానాలు నడిపేవి) నుంచి పైలట్ ఆఫర్లు వచ్చాయి, ఒకదాంట్లో పెద్ద బోనస్‌తో పాటు బాండ్ (ఇన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే బోనస్ వెనక్కి కట్టాలి), రెండోదాంట్లో జీతం తక్కువే కానీ కెప్టెన్ త్వరగా అవ్వొచ్చు, ఏది తీసుకోమంటారని అడిగావు. నేనైతే రెండోదే అంటాను.

చివరికి చేరాలనుకునేది మేజర్ ఎయిర్‌లైన్‌లో, అంటే అమెరికన్, డెల్టా లాంటి పెద్ద కంపెనీలో. అక్కడ ఏ విమానం, ఏ బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), ఏ సెలవు అన్నీ సీనియారిటీ నంబర్ మీదే నడుస్తాయి, ఆ నంబర్ అక్కడ చేరిన రోజే మొదలవుతుంది, రీజనల్‌లో చేసిన ఏళ్లు మామూలుగా వెంట రావు. ఎయిర్‌లైన్ పైలట్ 65 ఏళ్లకి రిటైర్ అవ్వాల్సిందే. కాబట్టి బాండ్ వల్ల రెండేళ్లు ఆలస్యమైతే పోయేది మొదటి ఏడాది జీతం కాదు, చివర్లో పెద్ద విమానం కెప్టెన్‌గా సంపాదించే రెండేళ్లు.

తక్కువ జీతం అని టెన్షన్ పడకు. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ అనే రీజనల్ ఎయిర్‌లైన్ విమానం కూలిన రోజుల్లో కొత్త ఫస్ట్ ఆఫీసర్లకి (కో-పైలట్లకి) ఏడాదికి 20 వేల డాలర్ల ప్రాంతంలోనే వచ్చేది, దాంతో ట్రైనింగ్ అప్పు తీర్చడం నరకం. ఆ ప్రమాదం తర్వాత, 2013లో, కో-పైలట్‌కి కూడా మామూలుగా 1500 గంటల ఫ్లయింగ్ ఉండాలనే నిబంధన వచ్చింది, తర్వాత పైలట్ల కొరత ముదిరి 2022లో ఎన్వాయ్, పీడ్‌మాంట్ లాంటి రీజనల్స్ మొదటి ఏడాదికే గంటకి 90 డాలర్లకి పెంచాయి.

ఫ్లో ఒప్పందం (రీజనల్ పైలట్లని వరుసలో మేజర్‌లోకి తీసుకుంటామనే మాట) ఉందన్నా పూర్తిగా నమ్ముకోకు, మేజర్ హైరింగ్ తగ్గిస్తే అదీ నెమ్మదిస్తుంది. కెప్టెన్‌గా జెట్ గంటలు ఉంటే వేరే మేజర్లకీ అప్లై చేసుకోవచ్చు. ఒకవేళ బోనస్ వైపే వెళ్తే, మధ్యలో మానేస్తే కట్టాల్సింది పన్నుకి ముందు మొత్తమా, చేతికొచ్చిందా అని సంతకానికి ముందే రాతపూర్వకంగా తెప్పించుకో.