స్టేషన్ బొమ్మలా ఉండటం, వంతెన కుంగటం: సమాధానం

అన్నా, మీ మోడల్ రైల్వేలో సన్‌బోర్డుతో (తేలికైన ఫోమ్ షీటుతో) చేసిన కాజీపేట స్టేషన్ నమూనా అసలుదానిలా కాక ఆటబొమ్మలా కనబడుతోందనీ, గర్డర్ (దూలాల) వంతెన మధ్యలో కుంగుతోందనీ రాశారు. ఫొటో చూస్తే మొదటిదానికి కారణం తలుపులే. మీది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87, అసలుదానిలో 87వ వంతు. 7 అడుగుల తలుపు ఇందులో 24 మిల్లీమీటర్లే ఉండాలి, మీవి చాలా పెద్దవి. అవి మారిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకోటి, గోడల మీది ఎనామెల్ పెయింట్ మెరుపు. మెరవని ఆక్రిలిక్ వేయండి. పోస్టర్ కలర్ వద్దు, తడి తగిలితే లేచొస్తుంది. ఆక్రిలిక్ ఆరాక నీళ్లలో పలచగా కలిపిన నల్లరంగు పూసి వెంటనే గుడ్డతో తుడవండి, సందుల్లో రంగు నిలిచి మురికి పట్టినట్టు కనబడుతుంది. గోడ అడుగున జల్లించిన ఎర్రమట్టి కొంచెం అద్దండి. మన వైపు గోడలు అట్లనే ఉంటయి కదా.

వంతెన బరువు సన్‌బోర్డు మోయలేదు. పట్టాల కింద అల్యూమినియం ఎల్ ఆకారపు పట్టీ పెట్టి, రెండు పక్కలా అట్ట గర్డర్లు అతికించండి. అతికించే ముందే అట్ట వెనక నుంచి ఖాళీ బాల్‌పెన్నుతో నొక్కితే రివెట్లు వస్తాయి. గర్డర్ ఎత్తు స్పాన్‌లో (రెండు స్తంభాల మధ్య దూరంలో) దాదాపు పదో వంతు ఉంచండి. స్తంభాలు థర్మోకోల్‌తో చేస్తే మాత్రం స్ప్రే పెయింట్ కొట్టకండి, కరిగిపోతుంది.