ఇస్లామిక్ బ్యాంకులో రిస్కు ఉండదా? చిత్తూరు నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: చిత్తూరులో మాకు టైర్ల షాపు ఉంది. పాప తిరుపతిలో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. వడ్డీ బ్యాంకులో ఉద్యోగం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. కువైట్‌లో ఉన్న మా బావమరిది, వడ్డీ లేకుండా నడిచే ఇస్లామిక్ బ్యాంకింగ్‌లో డిప్లొమా చేయించమంటున్నాడు. ఆ బ్యాంకులు రిస్కు తీసుకోవు, అందుకే మునగవు, ఉద్యోగం ఖాయం అంటున్నాడు. ఒక ఆన్‌లైన్ సంస్థ 1,80,000 రూపాయలు అడిగితే 20,000 అడ్వాన్సు కట్టాను. పాప మాత్రం ఎంబీఏ ఫైనాన్స్ అంటోంది. రెండింటిలో ఏది మేలు?

జవాబు: మీరు రాసినదంతా బావమరిది మాటే. పాప మాట చివర్లో ఒక్క ముక్క. చదవబోయేది ఆమె. ఆమెను కూర్చోబెట్టి అడగకుండానే అడ్వాన్సు ఎందుకు కట్టారు? మీరు నొచ్చుకున్నా సరే, ఇది చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

రాయచోటి, మదనపల్లె, పలమనేరు నుంచి కూడా నన్ను ఇదే ప్రశ్న అడుగుతుంటారు. పైకి అడిగేది కోర్సు గురించి. లోపల ఉన్న టెన్షన్ వేరు. కూతురు చేసే పని ఇంటి నమ్మకానికి అడ్డు రాకూడదు, రేపు ఆ ఉద్యోగం ఊడిపోకూడదు. రెండూ న్యాయమైన కోరికలే. మొదటిది మీ మతపెద్దలతో మాట్లాడుకోవాల్సిన విషయం, అందులో నేను తీర్పు చెప్పను. రెండోదాంట్లో మాత్రం మీకు తప్పు చెప్పారు.

వడ్డీ లేకపోవడం వేరు, రిస్కు లేకపోవడం వేరు. ఆ బ్యాంకుల్లో ఉండే ముదారబా అనే ఖాతానే ఉదాహరణగా తీసుకోండి. డబ్బు పెట్టినవాళ్లకు లాభంలో వాటా వస్తుంది. నష్టం వస్తే, బ్యాంకు నిర్లక్ష్యమో మోసమో లేనంతవరకు, అదీ వాళ్లదే. కానీ డైరెక్టర్లను ఎన్నుకునేది వాటాదారులు, ఈ ఖాతాదారులకు ఓటు ఉండదు. నష్టం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయినప్పుడు యాజమాన్యం దూకుడుగా పోవడానికి వీలుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పక్క బ్యాంకు కంటే తక్కువ ఇస్తే ఖాతాదారులు వెళ్లిపోతారని, లాభం తగ్గిన ఏడాది చాలా బ్యాంకులు తమ వాటా తగ్గించుకుని వాళ్లకు సర్దుతాయి. అందుకోసం మంచి ఏడాదుల్లో కొంత రిజర్వుగా దాస్తాయి. అంటే ఒప్పందంలో ఖాతాదారుడికి రాసిన నష్టం ఆచరణలో బ్యాంకు మీదికే వస్తుంది.

బ్యాంకులో మతపండితులతో ఉండే షరియా (ఇస్లాం ధర్మ నియమాల) బోర్డు చూసుకుంటుంది కదా అని మీ బావమరిది అనొచ్చు. ఒప్పందం షరియాకు లోబడి ఉందా అని చూడటమే ఆ బోర్డు పని. ఇచ్చిన సొమ్ము తిరిగి వస్తుందా, ఒకే కంపెనీకి మరీ ఎక్కువ ఇచ్చేశామా అన్నవి చూడాల్సింది రిస్కు విభాగం, ఆడిట్ కమిటీ. పైగా ఆ పండితులకు ఫీజు ఇచ్చేది ఆ బ్యాంకే. గల్ఫ్‌లో పేరున్న కొద్దిమంది ఒకేసారి ఎన్నో బోర్డుల్లో ఉంటారన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. మలేషియా ఈ విషయంలో ముందే జాగ్రత్తపడింది. 1997లోనే కేంద్ర బ్యాంకు స్థాయిలో షరియా మండలి పెట్టింది. 2010 నిబంధనలతో ప్రతి ఇస్లామిక్ బ్యాంకులోనూ షరియా సమీక్ష, షరియా ఆడిట్, షరియా రిస్కు పనులు తప్పనిసరి చేసింది.

ఇక మునగవు అన్న మాట. టర్కీలో ఇహ్లాస్ ఫైనాన్స్ అనే పెద్ద వడ్డీరహిత సంస్థ లైసెన్సు 2001లో రద్దయింది. తన సొంత గ్రూపు కంపెనీలకే భారీగా నిధులు ఇచ్చుకోవడం దాని పతనానికి ఒక ముఖ్య కారణం. ఇక్కడికి దగ్గర్లో బెంగళూరులో, హలాల్ (మతం ఒప్పుకునే) పెట్టుబడి అని జనం దగ్గర డబ్బు తీసుకున్న ఐఎంఏ అనే కంపెనీ 2019లో కుప్పకూలింది. అది అసలు బ్యాంకే కాదు. కానీ పేరు చూసి నమ్మితే ఏమవుతుందో మన వైపు వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అలాగని ఇస్లామిక్ బ్యాంకులన్నీ బలహీనమని నేను అనడం లేదు. 2008లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) పరిశోధకులు లెక్కలు తీస్తే, చిన్న ఇస్లామిక్ బ్యాంకులు చిన్న మామూలు బ్యాంకుల కంటే గట్టిగా కనిపించాయి. పెద్దవాటి దగ్గరకొచ్చేసరికి మామూలు బ్యాంకులే గట్టిగా ఉన్నాయి. పెరిగేకొద్దీ రిస్కును అదుపు చేయడం కష్టమవుతుందని, అందుకు తగ్గ మనుషులు కావాలని దీన్నిబట్టి నాకు అనిపిస్తుంది.

మీ పాపకు అవకాశం ఉన్నది అక్కడే. ఆ పనికి డిప్లొమా ఒక్కటే చాలదు. బ్యాలెన్స్ షీటు చదవడం, మూలధన నిబంధనలు, రిస్కు కొలతలు రావాలి. అవి ఎంబీఏ ఫైనాన్స్‌లోనో, ఎంకాంతో పాటు ఎఫ్‌ఆర్‌ఎం అనే రిస్కు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ చేస్తేనో వస్తాయి. ఇష్టం అప్పటికీ ఉంటే, బహ్రెయిన్ కేంద్రంగా ఇస్లామిక్ ఫైనాన్స్‌కు అకౌంటింగ్, ఆడిట్ ప్రమాణాలు రాసే ఏఏఓఐఎఫ్ఐ సంస్థ ఇచ్చే షరియా సలహాదారు–ఆడిటర్ సర్టిఫికెట్ తర్వాత చేయొచ్చు. పోలిక అడిగారు కాబట్టి ఒక్క మాటలో చెబుతాను: ఎంబీఏ ముందు, ఇస్లామిక్ ఫైనాన్స్ తర్వాత.

"ఉద్యోగం ఖాయం" అని ఎవరు చెప్పినా నమ్మకండి. కువైట్‌లో బ్యాంకు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం స్థానికులకే ఇవ్వాలన్న నిబంధన ఉంది. మన దేశంలో పూర్తిస్థాయి ఇస్లామిక్ బ్యాంకు లేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని ఆర్‌బీఐ 2017లోనే చెప్పేసింది.

అయినా మీరు భయపడాల్సింది ఏమీ లేదు. ఫైనాన్స్ చదివిన అమ్మాయి వడ్డీ బ్యాంకులోనే కూర్చోవాలని ఎవరూ అనలేదు. ఆడిట్ ఆఫీసులున్నాయి, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో తయారీ ఖర్చు లెక్కగట్టే (కాస్టింగ్) విభాగాలు, అకౌంట్స్ విభాగాలు ఉన్నాయి. షరియా నిబంధనల ప్రకారం నడిచే మ్యూచువల్ ఫండ్లు మన దేశంలోనూ ఉన్నాయి. మీ ఇంటి నమ్మకానికి, ఆమె కోరికకు మధ్య గొడవే రానక్కర్లేదు. తనకేం కావాలో తెలిసిన పిల్ల, ఆమె గురించి నాకు బెంగ లేదు.

ఆ సంస్థ ఇచ్చిన రసీదు వెనక రీఫండ్ నిబంధన చదివి, ఈ వారంలోనే ఈమెయిల్‌లో అడ్వాన్సు వెనక్కి అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. ఆ 20,000 తిరిగి రాకపోయినా మిగతా 1,60,000 మాత్రం కట్టకండి.